విత్తే మిషన్ ఎవరి పొలానికి ముందు వస్తుంది?

రోహిణి కార్తె నడుస్తోంది. ఇంకొద్ది రోజుల్లో మిరుగం. దుక్కులు దున్నుకుని, పత్తి కొయ్యలు ఏరి కాల్చి, మొగులు దిక్కు చూసే రోజులివి. ఈ నెల గ్రామ సమావేశాల్లో గిట్టుబాటు ధర, అప్పుల తర్వాత నాకు ఎక్కువగా వినపడ్డ ప్రశ్న ఒకటే: "విత్తనాల మిషన్ దొరుకుతదా అన్నా?" అందుకే ఈసారి సంపాదకీయం దాని గురించే రాస్తున్నాను.

వ్యవసాయ శాఖ వాళ్లు దీన్ని సీడ్ కమ్ ఫెర్టిలైజర్ డ్రిల్ అంటారు. మనం ట్రాక్టర్ గొర్రు అంటాం. విత్తనానికి ఒక డబ్బా, పిండికి ఒక డబ్బా. పక్కన నేల మీద నడిచే చక్రం ఒకటి. ఆ చక్రం తిరిగితే గొలుసు తిరుగుతుంది, గొలుసు తిరిగితే డబ్బాల అడుగున ఉన్న పళ్లేలో, గాళ్ల రోలర్లో తిరిగి గింజలనూ ఎరువునూ లెక్క ప్రకారం గొట్టాల్లోకి వదులుతాయి. గొర్రు పండ్లు చీల్చిన సాలులో అవి పడతాయి. చక్రం ఆగితే విత్తడం ఆగుతుంది. మిషన్ అంటే ఇంతే, ఇందులో పెద్ద మంత్రం ఏమీ లేదు.

మాకు ఇది కొత్తదీ కాదు. నేను నార్సింగిలో పుట్టినవాణ్ణి. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు, దాని పక్కన ముప్పై నలభై అంతస్తుల మేడలు ఉన్న ఈ నేలలో మా నాయిన ఎడ్లతో గొర్రు తోలుతుంటే మా అమ్మ వెనక నడుస్తూ జడ్డిగంలో జొన్నలు పోసేది. కొయ్య గిన్నె, దాని కింద వెదురు గొట్టాలు. గుప్పిటలోంచి గింజలు ఎంత వేగంగా జారాలో ఆమె వేళ్లకు తెలుసు. నాయిన కొంచెం తొందర పెడితే "నిమ్మళంగ నడువు" అని కసిరేది. కంది సాలు కోసం పక్కన ఇంకో గొట్టం కట్టుకునేవాళ్లం. 2023 ఆగస్టులో మా పక్కనే ఉన్న కోకాపేటలో ఎకరం వంద కోట్ల 75 లక్షలకు వేలంలో పోయింది. ఆ ఎకరంలో ఎన్ని సాళ్ల జొన్న పట్టేదో చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, అడిగేవాళ్లే లేరు.

గొర్రు సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లాండులో 1701లో జెత్రో టల్ అనే ఆయన విత్తే యంత్రం చేశాడని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ తర్వాత సుమారు తొంభై ఏళ్లకు కంపెనీ సైన్యంలో ఉన్న కెప్టెన్ హాల్కాట్ అనే అధికారి, దక్షిణాదిన ఒక పొలం పక్కనుంచి పోతూ మన గొర్రును చూసి ఆశ్చర్యపోయి ఇంగ్లాండుకు రాశాడు. ఇది ఐరోపా వాళ్లు కొత్తగా కనిపెట్టిందని తాను అనుకుంటే, ఇక్కడి రైతులు ఎప్పటినుంచో వాడుతున్నారని. ఆ నివేదికను ధరంపాల్ 1971లో తన పుస్తకంలో మళ్లీ అచ్చు వేశారు. కాబట్టి ఎవరైనా వచ్చి "మీ రైతులకు సాలు పద్ధతి నేర్పిస్తాం" అంటే తలవంచుకుని వినాల్సిన పని లేదు. సాలు మనదే. మన గొర్రుకు లేనిది రెండో డబ్బా, అంటే పిండి డబ్బా.

ఆ రెండో డబ్బా గురించే ఎక్కువ మాట్లాడాలి. గత ఏడాది, 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన రాష్ట్రమంతటా యూరియా కోసం సొసైటీల ముందు ఏం జరిగిందో ఎవరూ మరచిపోలేదు. చెప్పులు వరుసలో పెట్టారు, పాసు పుస్తకాలు పెట్టారు, తెల్లవారుజామున ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. యూరియా సంచి 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. డీఏపీ సంచి 1350 రూపాయలు. డీఏపీకీ దాని ముడిసరుకుకూ మన దేశం బయటి దేశాల మీద ఆధారపడి ఉంది. అక్కడ ఓడ ఆగితే ఇక్కడ లైను మొదలవుతుంది. ఎరువు సరిపడా ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత, దాని మీద మన పోరాటం ఆగదు. కానీ కష్టపడి తెచ్చుకున్న సంచిని మనం ఎలా వాడుతున్నామన్నది మన చేతిలో ఉన్న సంగతి.

డీఏపీ సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. భాస్వరం నేలలో కదలదు. ఎక్కడ పడితే అక్కడే ఉంటుంది. పైన చల్లితే పైనే ఉండిపోయి మట్టితో కలిసి గట్టిపడుతుంది. ఎర్ర నేలలో ఇనుము దాన్ని పట్టుకుంటుంది, నల్ల నేలలో సున్నం పట్టుకుంటుంది. వేరు వెళ్లి దాన్ని అందుకోవాలి తప్ప అది వేరు దగ్గరకు రాదు. యూరియాది వేరే కథ. తడి నేల మీద చల్లి వదిలేస్తే కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది, పెద్ద వాన వస్తే కొంత కొట్టుకుపోతుంది. అదే పిండిని గింజకు రెండంగుళాలు పక్కగా, రెండంగుళాలు లోతుగా వేస్తే మొలక వేరు కిందికి దిగగానే దానికి అందుతుంది. సాళ్ల మధ్య గడ్డికి అందదు. చల్లినప్పుడు మనం గడ్డిని కూడా మేపుతున్నాం, తర్వాత దాన్ని పీకడానికి కూలీ ఇస్తున్నాం. ఆస్ట్రేలియాలో నూరేళ్ల కిందటే భాస్వరం తక్కువున్న నేలల్లో గోధుమ గింజతో పాటే సాలులో కొద్దిగా సూపర్ వేసి పంట నిలబెట్టుకున్నారు. ఎరువు ఎక్కువై కాదు, తక్కువై ఆ పద్ధతి పట్టుకున్నారన్నది మనం గమనించాలి.

ఇంత చెప్పి ఇప్పుడు నాకు జరిగిన నష్టం చెబుతాను. మా పొలం పోయాక నేను శంకర్‌పల్లి దిక్కు నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాను. రెండేళ్ల కింద వానకాలంలో మక్క వేయడానికి కిరాయికి మిషన్ పిలిచాను. వాన పడి మూడో రోజు, పదును పోతుందేమోనని నా ఆత్రం. ఇంకా మూడు పొలాలు ఉన్నాయని డ్రైవరు తొందర. పిండి డబ్బాలో డీఏపీతో పాటు యూరియా కూడా కలిపి పోశాం. "మళ్లీ చల్లే పని తప్పుతది" అన్నాడు, నేనూ సరే అన్నాను. ఆ మిషన్‌కు పిండి గొట్టం, విత్తనం గొట్టం రెండూ ఒకే పండు వెనక దిగుతున్నాయి. అంటే గింజ మీదే యూరియా పడింది. వారం తర్వాత చూస్తే ఎకరంన్నరలో మొలక లేదు. తవ్వి చూస్తే గింజ ఉబ్బి నల్లబడి ఉంది. మళ్లీ విత్తనం కొని, కూలీలను పెట్టి, ఆలస్యంగా పోగుంటలు వేయించాను. ఆ ముక్క చివరిదాకా కోలుకోలేదు. తప్పు డ్రైవరుది మాత్రమే అని నేను అనను. ముప్పై ఏళ్ల నుంచి సేద్యం చేస్తున్న నాకు ఆ గొట్టాలు ఎక్కడ దిగుతున్నాయో వంగి చూడాలన్న ఆలోచన రాలేదు.

అందుకే మిషన్ పొలంలోకి దిగే ముందు చూడాల్సింది అదే: పిండి ఎక్కడ పడుతోంది, గింజ ఎక్కడ పడుతోంది. రెండింటికీ మధ్య మట్టి ఉండాలి. యూరియా విత్తేటప్పుడు వద్దే వద్దు, అది పైపాటుగా వేసుకునేది. రాత్రి డబ్బాలో మిగిలిన పిండి తేమ పట్టి గడ్డకడుతుంది, పొద్దున అదే గొట్టంలో అడ్డం పడుతుంది. కాబట్టి సాయంత్రమే ఖాళీ చేసి తుడవాలి.

రెండోది కొలత. దీన్ని మనలో చాలామంది చేయరు, డ్రైవర్లు అసలే చేయరు. చెబితే పది నిమిషాల పని. మక్కకు నాలుగు సాళ్ల మిషన్, సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు అనుకోండి. మిషన్ ఒక్క పోతకు 2.4 మీటర్ల వెడల్పు విత్తుతుంది. నేల చక్రం చుట్టుకొలత దారంతో కొలవండి. 1.7 మీటర్లు వచ్చిందనుకుందాం. మిషన్‌ను జాకీ మీద లేపి, గొట్టాల కింద సంచులు కట్టి, చక్రాన్ని చేత్తో 50 చుట్లు తిప్పండి. 50 చుట్లంటే 85 మీటర్లు. 85ని 2.4తో గుణిస్తే 204 చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర రెండు గుంటలు. ఎకరానికి 40 గుంటలు కదా, సంచుల్లో పడ్డదాన్ని 20తో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. మక్క ఎకరానికి 8 కిలోలు కావాలంటే సంచులన్నీ కలిపి 400 గ్రాములు ఉండాలి. డీఏపీ ఎకరానికి ఒక సంచి అనుకుంటే రెండున్నర కిలోలు పడాలి. ఎక్కువ పడితే మీట తిప్పి తగ్గించాలి, తక్కువైతే పెంచాలి. నాలుగు సంచులను విడివిడిగా కూడా తూచండి, ఒక గొట్టంలో ఎక్కువ ఒక గొట్టంలో తక్కువ పడుతుంటే అక్కడే తెలుస్తుంది. మీ చక్రం, మీ సాళ్లు వేరుగా ఉంటే అంకెలు మారతాయి, పద్ధతి ఇదే. అయితే జాకీ మీద తిరిగినట్టు పొలంలో చక్రం తిరగదు. మెత్తటి దుక్కిలో జారుతుంది, నల్లరేగడిలో బంక అంటుకుని ఈడ్చుకుపోతుంది. కాబట్టి మొదటి రెండు సాళ్లు అయ్యాక దిగి మట్టి తీసి గింజలు చూడాలి. మక్క 20 సెంటీమీటర్లకు ఒకటి పడితే ఎకరానికి 33 వేల పైచిలుకు మొక్కలు. జానెడుకు అటూ ఇటూ ఉంటే చాలు.

మూడోది, మన కిరాయి పద్ధతిలోనే ఉన్న జబ్బు. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటాం. డ్రైవరుకు ఎన్ని ఎకరాలైతే అన్ని పైసలు, అందుకని ఉరుకుతాడు. పళ్లెం తిరిగే మిషన్ నిమ్మళంగా, మనిషి నడక వేగంతో పోతేనే ప్రతి గాడిలో గింజ నిండుతుంది. ఉరికితే ఖాళీ గాళ్లు తిరుగుతాయి. గంట లెక్కన ఇస్తే నిద్రపోతూ నడుపుతాడని కొందరి భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ పోగుంటలు పూడ్చే ఖర్చుతో పోలిస్తే ఒక అరగంట కిరాయి ఎక్కువేమీ కాదని నా లెక్క. ఇంకొకటి, ట్రాక్టరు నడిపేవాడి వీపు గొట్టాల దిక్కు ఉంటుంది. ఒక గొట్టం మూసుకుపోతే ఆ సాలు ఈ చివరనుంచి ఆ చివరదాకా ఖాళీయే, మొలక వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మా అమ్మ చేతికి ఆ సంగతి ఆ క్షణంలోనే తెలిసేది. వెనక ఒక మనిషి నడవాలి. ఆ మనిషికి కూలీ లెక్క కట్టి ఇవ్వాలి.

ఆ మనిషి ఎవరన్న ప్రశ్న కూడా ఉంది. మన దగ్గర పత్తి, మక్క గింజలు పెట్టేది ఆడవాళ్లే. అచ్చు తోలిన గీతల మీద వంగి వంగి గింజ వేసే ఆ నాలుగు రోజుల పని వాళ్లకు వానకాలం మొదట్లో వచ్చే తొలి కూలీ. బడి ఫీజులు, పుస్తకాలు ఆ పైసలతోనే. మిషన్ వచ్చి ఆ పని తీసుకుంటే వాళ్లకు ఏమిస్తామన్న మాట మన సభల్లో ఎవరూ ఎత్తడం లేదు. రైతుకూలీలు మన సంఘంలో ఉన్నారు, వాళ్ల పేరు చెప్పే మనం చందాలు వసూలు చేస్తున్నాం. మిషన్ వెనక నడిచే పని, కొలతలు వేసే పని, మిషన్ నడిపే పని కూడా మహిళా సంఘాల సభ్యులకు నేర్పించి వాళ్లకే ఇవ్వాలన్నది నా అభిప్రాయం. ట్రాక్టరు నడపడం కంటే జడ్డిగం పట్టడం కష్టమైన విద్య.

గడ్డి సంగతి కూడా చెప్పుకోవాలి. అచ్చు రెండు దిక్కులా తోలితే గుంటుక నిలువునా అడ్డంగా పోయేది. మిషన్ ఒక దిక్కే సాలు తీస్తుంది, సాలులో మొక్కకు మొక్కకు మధ్య గుంటుక పోదు. అక్కడ కలుపు తీయాలి లేదా గడ్డి మందు కొట్టాలి. మందు దుకాణాల వాళ్లు మిషన్‌ను బాగా మెచ్చుకోవడానికి ఇదొక కారణం. కంది లాంటి సాలు దూరం పంటలో ఇబ్బంది తక్కువ. తాండూరు దిక్కు కంది రైతులు మిషన్‌కు త్వరగా అలవాటు పడటంలో వింత లేదు. పత్తిలో మాత్రం గడ్డి ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకుని దిగండి.

ఇక అసలు చిక్కు. పదును నాలుగు రోజులు ఉంటుంది. 60, 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల తడిసి, కాలు దిగబడకుండా ఆరేసరికి ఒక రోజు పోతుంది. మిగిలిన మూడు నాలుగు రోజుల్లోనే ఊరంతా విత్తాలి. ఒక మిషన్ గంటకు ఎకరం, పొద్దుమూకేసరికి తొమ్మిది పది ఎకరాలు. నాలుగు రోజులకు నలభై. ఊళ్లో రెండు మిషన్లు ఉంటే ఎనభై ఎకరాలు. వెయ్యి ఎకరాల మెట్ట ఉన్న ఊళ్లో మిగతా తొమ్మిది వందల ఇరవై ఎకరాల సంగతేమిటి? అప్పుడు మిషన్ ఎవరి పొలానికి పోతుంది? యజమాని పొలం ముందు, ఆయన చుట్టాలది తర్వాత, ఒకేచోట పదెకరాలు ఉన్నవాళ్లది ఆ తర్వాత. ఎకరంన్నర ఉన్నవాడు గట్టు మీద నిలబడి "రేపు" అన్న మాట మూడుసార్లు విని, నాలుగో రోజు ఆరిన దుక్కిలో చేత్తో చల్లుకుంటాడు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. నూటికి 88 కమతాలు ఐదెకరాల లోపువే. అంటే మిషన్ వరుసలో చివర నిలబడేది మనలో ఎక్కువమంది.

ఈ విషయంలో మా పరిసరాల్లోనే పెద్ద పాఠం ఉంది. 1970ల్లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఎడ్లతో లాగే చక్రాల పనిముట్టు తెచ్చారు. ట్రాపికల్టర్ అని పేరు. జాన్ నోల్ అనే ఫ్రెంచి ఆయన రూపొందించినది. అదే బండి మీద దున్నొచ్చు, బోదెలు తీయొచ్చు, విత్తొచ్చు, ఎరువు వేయొచ్చు. నల్లరేగడిలో వెడల్పు బోదెల పద్ధతికి అది బాగా కుదిరింది. మెదక్ జిల్లా తడ్డన్‌పల్లిలో 1981–82లో రైతుల పొలాల్లో ఈ పద్ధతిని నడిపి చూపించారు. పంట కూడా బాగానే వచ్చింది. కానీ ఆ బండి ఊళ్లలో నిలవలేదు. మన నాగలి, గొర్రు కలిపి కొన్నా దానికన్నా ఎన్నో రెట్లు తక్కువ ధర. బరువు ఎక్కువ, చిన్న ముక్కల్లో తిప్పలేం, విరిగితే ఊరి కమ్మరి చేతికి రాదు. పాల్ స్టార్కీ అనే నిపుణుడు దేశదేశాల్లో ఇలాంటి బండ్ల చరిత్ర చూసి 1988లో ఒక పుస్తకం రాశాడు. పనిముట్టును తీర్చిదిద్దారు గానీ రైతులు వద్దన్నారని పుస్తకం పేరులోనే చెప్పాడు. ఇవాళ్టి మిషన్ల గురించి మాట్లాడే అధికారులు దీన్ని ఒకసారి తలచుకుంటే మంచిది.

పరిశోధనలకు మనకు కొదవ లేదు. నార్సింగి నుంచి రాజేంద్రనగర్ ఎంత దూరం? అక్కడ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి, చిరుధాన్యాలు, నూనెగింజల పరిశోధన సంస్థలు ఉన్నాయి. సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యం కోసమే 1985లో ఏర్పడ్డ క్రీడా ఉంది. అక్కడ ట్రాక్టరు ప్లాంటర్లే కాదు, ఎడ్లతో నడిచే రెండు, మూడు సాళ్ల ప్లాంటర్లు కూడా తయారుచేశారు. ఎడ్లు ఉన్నవాడికి, ఎకరం రెండెకరాలవాడికి సరిపోయేది అదే. అయితే రాయితీ జాబితాలో ముందు కనిపించేవి పెద్ద ట్రాక్టరుకు తగిలించే పెద్ద పరికరాలు.

రాయితీ మాటకొస్తే, 2014–15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం దాకా ఇస్తామన్నారు. మన రాష్ట్రంలో మధ్యలో కొన్నేళ్లు అది ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ యంత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. లక్ష రూపాయల పరికరం మీద ఏడు వేలు మిగిలాయి, మంచిదే. కానీ మిగతా సగం పైసలు ముందుగా పెట్టగలిగినవాడే రాయితీ తీసుకుంటాడు. కౌలు రైతుకైతే దరఖాస్తుకే దిక్కు లేదు. నేను ఒక కార్యాలయానికి పోతే ముందు పాసు పుస్తకం అడిగారు. కౌలు కాగితం చూపిస్తే "ఇది చెల్లదు" అని తిప్పి పంపారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేశారు. దాన్ని నిజంగా అమలు చేస్తే నాలాంటివాళ్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని ఉండదు.

అందువల్ల మనం అడగాల్సింది మనిషికొక మిషన్ కాదు. ఊరికి ఉమ్మడిగా, సొసైటీ చేతిలోనో మహిళా సంఘం చేతిలోనో కిరాయి కేంద్రం ఉండాలి. మెట్ట ఎకరాలను, నాలుగు రోజుల పదునును లెక్కగట్టి ఎన్ని మిషన్లు కావాలో అన్ని ఇవ్వాలి. వాటిలో ఎడ్ల ప్లాంటర్లూ ఉండాలి. కిరాయి రేటు గోడ మీద రాయాలి. వరుస కూడా రాయాలి: రెండెకరాల లోపు వాళ్లు ముందు, కౌలుదారు అయితే సర్వే నంబరు చెబితే చాలు. ముక్కలు పక్కపక్కన ఉన్న నలుగురు కలిసి వస్తే మిషన్ తిప్పుకునే సమయం మిగులుతుంది, అలాంటివాళ్లకు కిరాయి తగ్గించాలి. కేంద్రంలో ఒక తరాజు, ఒక టేపు, ఒక జాకీ ఉండాలి. కొలత వేయకుండా మిషన్ గేటు దాటకూడదు. కొందరు పెద్ద రైతు సభ్యులకు ఈ వరుస నచ్చదని నాకు తెలుసు. గత నెల సమావేశంలో ఒకరు మొహం మీదే చెప్పారు. చర్చిద్దాం, ఈ పత్రికలోనే వాళ్ల ఉత్తరం కూడా వేస్తాం.

ఈలోగా ఒక పని. ప్రతి గ్రామ శాఖ వచ్చే ఆదివారం లోపు తమ ఊళ్లో ఎన్ని విత్తే మిషన్లు ఉన్నాయి, ఎవరివి, ఎన్ని సాళ్లవి, పిండి గొట్టం వేరుగా దిగుతుందా లేదా, ఎకరానికి కిరాయి ఎంత అడుగుతున్నారు, ఎడ్ల జతలు ఎన్ని మిగిలాయి అన్నది ఒక కాగితం మీద రాసి మండల కార్యదర్శికి ఇవ్వాలి. అవన్నీ కలిపి మిరుగం లోపు జిల్లా వ్యవసాయ అధికారికి ఇస్తాం. ఊళ్లో జాకీ, తరాజు ఉన్నవాళ్లు శాఖకు తెలియజేయండి, ఒక పొద్దున అందరినీ పిలిచి 50 చుట్లు తిప్పి చూపిద్దాం. శంకర్‌పల్లి దిక్కు వాళ్లు నా కౌలు పొలం దగ్గరకే రావచ్చు. ఈసారి ఆ గొట్టాలు ఎక్కడ దిగుతున్నాయో వంగి చూసే మిషన్ పిలుస్తున్నాను.